ఐదు పందేలూ ఓడిన టీ వర్తకుడు

ఈ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసిమ్మని సంపాదక మిత్రులు అడిగారు. గెలిచినవాళ్ళ జీవితాలు రాయడానికి ఎలాగూ చాలామంది ఉంటారు గనక, నేను ఓడినవాణ్ణి ఎన్నుకున్నాను. ఓడడం అంటే ఏదో ఒక్కసారి కాదు. 1899 నుంచి 1930 దాకా ఒకే కప్పు కోసం ఐదుసార్లు సముద్రం దాటి వెళ్ళి, ఐదుసార్లూ ఓడి ఇంటికొచ్చిన మనిషి. పేరు సర్ థామస్ లిప్టన్.

ఔను, టీ పొట్లం మీది లిప్టనే. మన ఊళ్ళ కిరాణా కొట్ల మీద ఆ పేరున్న రేకు బోర్డులు చూసిన పాత విద్యార్థులు చాలామందే ఉంటారు. మన దేశంలో ఆ కంపెనీ 1993లో బ్రూక్‌బాండ్‌తో కలిసి, 1996లో హిందూస్తాన్ లీవర్‌లో చేరిపోయింది. కాని నేను చెప్పబోయేది టీ గురించి కాదు, పడవల గురించి. తెరచాప పడవల పందెంలో స్నేహం అనే మాటకు అర్థం ఏమిటో, అది చట్టంలో ఉంటుందో మనిషిలో ఉంటుందో తేల్చుకోవడానికి ఈయన జీవితం ఒక మంచి పాఠ్యగ్రంథం. అయితే అందులో అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. వాటినీ చెబుతాను.

లిప్టన్ 1848లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరంలో, గోర్బల్స్ అనే పేదల పేటలో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లండువాళ్ళు. అక్కడ బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై కరువు వచ్చినప్పుడు పొట్ట చేతపట్టుకుని గ్లాస్గో చేరారు. క్రౌన్ వీధిలో వెన్న, గుడ్లు, పందిమాంసం అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నారు. పుట్టిన పిల్లల్లో ఈ ఒక్కడే మిగిలాడు. పెద్దయ్యాక తాను పుట్టింది 1850లో అని చెప్పుకునేవాడు. రెండేళ్ళు తగ్గించుకోవడం వల్ల ఆయనకు ఏం ఒరిగిందో నాకు తెలీదు గాని, ఆయన తన గురించి చెప్పుకున్న కథలు వినేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అలాంటి కథల్లో నాకు బాగా నచ్చినది చిన్నప్పటి బొమ్మపడవల కథ. క్రౌన్ వీధి కుర్రాళ్ళంతా కలిసి ఒక జట్టు కట్టారట. నాయకుడు ఇంకెవరు, ఈయనే. ఒక పాత చెక్కపెట్టె మూత తీసుకుని పడవగా చెక్కి, దానికి తెరచాప కట్టి, షామ్‌రాక్ అని పేరు పెట్టాడట. షామ్‌రాక్ అంటే ఐర్లండువాళ్ళు తమ దేశానికి గుర్తుగా చెప్పుకునే మూడాకుల మొక్క. వాననీళ్ళు నిలిచిన గుంటల్లో ఈ పడవలకు పందేలు. వాన వెలిశాక వీధి కాలవలో కాగితం పడవ వదిలి, పక్కింటివాడి పడవ ముందు వెళ్తుంటే గులకరాయి విసిరిన వాళ్ళం మనం. అక్కడా గులకరాళ్ళ గొడవలు ఉండే ఉంటాయి.

బొమ్మపడవల పందెం అంటే పిల్లల ఆటేగదా అనుకోకండి. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పెద్దవాళ్ళు క్లబ్బులు పెట్టుకుని, చెరువుల్లో మూరెడు పొడుగు పడవలకు పందేలు నడపడం చాలాకాలంగా ఉంది. వాటి నియమాలు చదివితే మనిషి స్వభావం మీద గొప్ప అవగాహన ఉన్నవాళ్ళు రాసినట్టు తోస్తుంది. రెండు పడవలు ఎదురుబొదురుగా వస్తే, గాలి తన కుడిపక్క నుంచి తగులుతున్న పడవకు దారి హక్కు, రెండోది తప్పుకోవాలి. వెనక నుంచి దాటిపోవాలనుకునే పడవే ముందున్నదానికి అడ్డం రాకుండా చూసుకోవాలి. మలుపు గుర్తుగా నీళ్ళలో వదిలిన బుంగను తాకరాదు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: తప్పు చేస్తే ఎవరో ఈల వేసేదాకా ఆగకుండా తానే ఒప్పుకుని, పడవను అక్కడికక్కడే ఒక చుట్టు తిప్పి మళ్ళీ పందెంలో కలవాలి. ఆ చుట్టుతో శిక్ష తీరిపోయింది, ఇంక ఎవరూ దాని మాట ఎత్తకూడదు. గట్టున నిలబడ్డ ఇద్దరు మనుషులు సాయంత్రం కలిసి టీ తాగడానికి వీలుగా రాసుకున్న నియమాలన్నమాట. పెద్ద పడవలకూ మూలసూత్రాలు ఇవే. కాకపోతే అక్కడ లక్షల పౌన్లు, రెండు దేశాల జెండాలు, పత్రికలు ఉంటాయి. చుట్టు తిరగడం కష్టం.

లిప్టన్ చిన్నతనంలోనే బడి మానేశాడు. ప్రింటింగ్ ప్రెస్సులో బంట్రోతు పని, చొక్కాల కొట్టులో బట్ట కత్తిరించే పని చేసి, తరవాత గ్లాస్గో నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్ళే స్టీమరులో కుర్ర నౌకరుగా చేరాడు. జీతం డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని టీనేజీ దాటకుండానే అమెరికా వెళ్ళాడు. వర్జీనియా పొగాకు తోటలో, దక్షిణ కరోలినా వరి పొలాల్లో, చివరకు న్యూయార్కులో ఒక పెద్ద దుకాణంలో పనిచేశాడు. సరుకు అమ్మడం ఎట్లాగో ఈ చివరి చోటే నేర్చుకున్నాడు. తిరిగొచ్చి 1871లో గ్లాస్గోలో సొంత కొట్టు తెరిచాడు. బలిసిన పందులను అలంకరించి వీధుల్లో ఊరేగించేవాడు. భారీ జున్నుగడ్డలు తెప్పించి, వాటిలో బంగారు నాణేలు దాచి, ముక్కలు కోసి అమ్మేవాడు. జనం ఎగబడేవారు. 1888 నాటికి ఆయనకు దాదాపు 300 కొట్లున్నాయి.

1890లో సింహళం వెళ్ళాడు. అక్కడి కాఫీ తోటలు తెగులుతో నాశనమై, భూములు చవకగా దొరుకుతున్న రోజులవి. హపుతలే దగ్గర దంబతెన్నె మొదలైన తోటలు కొన్నాడు. దళారులను తప్పించి, టీని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, బీదవాడు కొనగల ధరకు అమ్మాడు. అంతవరకు దొరల బల్లమీద ఉన్న టీ కూలివాడి ఇంటికి వచ్చిందంటే అందులో ఈయన వాటా తక్కువేమీ కాదు. కాని ఆ ఆకు కోసినవాళ్ళు మన దక్షిణాది నుంచి, ముఖ్యంగా తమిళ జిల్లాల నుంచి, ఓడలెక్కిన కూలీలు. వరసగా కట్టిన ఇరుకు గదుల్లో బతికిన ఆ జనం సంతతిని 1948లో సిలోను పౌరసత్వ చట్టం ఏ దేశానికీ చెందనివాళ్ళను చేసింది. ఆ చట్టం చేసింది లిప్టన్ కాదు, అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్ళయింది. అయినా సముద్రం మీద న్యాయమైన పందెం కోరిన మనిషి కథలో కొండమీది వాళ్ళను మరిచిపోతే నాకు సబబుగా తోచదు.

ఇక పందెం సంగతి. 1851లో అమెరికా అనే పేరుగల పడవ ఒకటి ఇంగ్లండు వచ్చి, వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో గెలిచి ఒక వెండి కూజా పట్టుకుపోయింది. దానికి అడుగు లేదు. అంటే లోపల ఏ పానీయం పోసినా నిలవదు. ఆ కూజాను గెలిచినవాళ్ళు న్యూయార్క్ యాట్ క్లబ్బుకు అప్పగిస్తూ, దేశాల మధ్య స్నేహపూర్వకమైన పోటీకి ఇది ఎప్పటికీ ఉండాలని ధర్మకర్తృత్వ పత్రం రాశారు. 1887లో ఆ పత్రాన్ని తిరగరాసినప్పుడు షరతులు బిగించారు. పందేనికి వచ్చేవాడు పది నెలల ముందు నోటీసు ఇవ్వాలి, తన పడవ కొలతలు ముందే చెప్పాలి. ఆ పడవ సొంతంగా సముద్రం దాటి రావాలి. అంటే అట్లాంటిక్‌ను తట్టుకునేంత గట్టిగా కట్టాలి. ఇంటిదగ్గరే ఉండి పోటీచేసే అమెరికా పడవకు ఆ బాధ లేదు. స్నేహం అనే మాట పై వరసలోనూ, మొగ్గు అంతా కింది వరసల్లోనూ ఉన్న కాగితం అది.

అయినా ఆ కాగితం కిందనే పెద్దమనిషి తరహాలో ఆడినవాళ్ళున్నారు. 1885లో సర్ రిచర్డ్ సటన్ అనే ఇంగ్లీషువాడు జెనెస్టా అనే పడవతో వచ్చాడు. పందెం మొదలయ్యే చోటే ప్యూరిటన్ అనే అమెరికా పడవ వచ్చి తగిలి జెనెస్టా ముందు కొయ్యను విరిచేసింది. ప్యూరిటన్‌ను తొలగించామనీ, మీరొక్కరే చుట్టి వస్తే గెలుపు మీదేననీ నిర్వాహకులు చెప్పారు. తాను వచ్చింది పోటీకిగాని ఒంటరిగా తిరిగి గెలుపు తీసుకోవడానికి కాదని ఆయన ఒప్పుకోలేదు. తరవాత జరిగిన పందేలు ఓడిపోయి వెళ్ళాడు.

పదేళ్ళకు, 1895లో, లార్డ్ డన్‌రేవెన్ వచ్చాడు. రెండో పందెం ఆరంభంలో ఈయన పడవ అమెరికా పడవకు తగిలిందని ఈయన్ను తొలగించారు. మూడోదానికి, చూడవచ్చిన జనం పడవలు దారికి అడ్డమని గీత దాటి వెంటనే వెనక్కి మళ్ళిపోయాడు. అంతటితో ఆగకుండా, ఇంటికెళ్ళాక, కొలతలు తీసిన తరవాత రాత్రికి రాత్రి అమెరికా పడవలో అదనపు బరువు దించారని పత్రికకెక్కాడు. న్యూయార్కులో విచారణ జరిగింది. కోటీశ్వరుడు జె.పి. మోర్గన్ విచారణ సంఘంలో ఒకడు. ఆరోపణకు ఆధారం లేదని తేల్చి, 1896లో ఆయన గౌరవ సభ్యత్వం కొట్టేశారు. ఇంక ఈ కప్పు జోలికి ఎవరొస్తారు? మన అంతర కళాశాలల పోటీల్లో రిఫరీ తీర్పు దగ్గర మొదలైన మాటామాటా బస్సు అద్దాల దాకా వెళ్ళడం ఒకసారి కళ్ళారా చూశాను. తరవాత రెండేళ్ళు ఆ రెండు కళాశాలలూ ఒకరి మైదానంలో ఒకరు అడుగు పెట్టలేదు. అట్లాంటిక్‌కు అటూ ఇటూ అప్పుడున్న పరిస్థితి సరిగ్గా అదే.

ఆ సమయంలో ముందుకొచ్చినవాడు లిప్టన్. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకు బీదల విందుకోసం 25,000 పౌన్లు ఇచ్చి, 1898లో సర్ బిరుదు పొందాడు. నిజం చెప్పాలంటే ఆయనకు పడవ నడపడం రాదు. పందెం జరుగుతున్నంతసేపూ ఎరిన్ అనే తన ఆవిరి ఓడ మీద అతిథులతో కూర్చుని చూసేవాడు. వెన్న అమ్ముకునేవాడన్న చిన్నచూపుతో ఇంగ్లండులోని రాయల్ యాట్ స్క్వాడ్రన్ ఆయన్ను సభ్యుడిగా చేర్చుకోలేదు. అందుకని ఐర్లండులోని రాయల్ అల్‌స్టర్ యాట్ క్లబ్బు పేరుతో సవాలు పంపాడు. పడవ పేరు షామ్‌రాక్. పెట్టె మూత పేరే.

1899 అక్టోబరు. ఈసారి అమెరికా ప్రభుత్వం ఓడలు పెట్టి జనం పడవలను దూరంగా ఉంచింది. మార్కోని తన కొత్త వైర్‌లెస్‌తో పందెం కబుర్లు న్యూయార్కు పత్రికకు పంపాడు. గాలి లేక, పొగమంచు కమ్మి ఎన్నో రోజులు పందెం సాగనే లేదు. సాగిన మూడింటిలోనూ కొలంబియా అనే అమెరికా పడవ గెలిచింది. రెండో పందెంలో షామ్‌రాక్ పైకొయ్య విరిగిపోయింది. ఎవరి ప్రమాదం వారిదేనని రెండు పక్షాలూ ముందే అనుకున్నాయి గనక కొలంబియా ఆగకుండా సాగిపోయి గెలిచింది. లిప్టన్ కిక్కురుమనలేదు. అభినందించి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. తమాషా ఏమిటంటే కొలంబియా సరంగు చార్లీ బార్ కూడా స్కాట్లండువాడే, గ్లాస్గో నది ఒడ్డున పుట్టినవాడే.

1901లో రెండో షామ్‌రాక్. దీన్ని గీసిన వాట్సన్, డంబార్టన్‌లో డెన్నీ కంపెనీవారి నీళ్ళతొట్టిలో మైనంతో చేసిన నమూనా పడవలను లాగించి నెలల తరబడి పరీక్షలు చేశాడు. గుంటలో తేలిన పెట్టె మూతకూ దీనికీ మధ్య నలభై ఏళ్ళ దూరం. చివరి పందెంలో షామ్‌రాక్ ముప్ఫై మైళ్ళు పరుగెత్తి, కొలంబియా కంటే 2 సెకన్లు ముందు గీత దాటింది. కాని ఓడిపోయింది! కారణం కొలతల లెక్క. పెద్ద తెరచాప, పొడుగు పడవ ఉన్నవాడు చిన్నవాడికి కొంత సమయం అచ్చుకోవాలి. ఆ లెక్కన షామ్‌రాక్ 43 సెకన్లు బాకీ. 41 సెకన్ల తేడాతో కొలంబియా గెలిచినట్టు ప్రకటించారు. కంటికి గెలుపు, కాగితం మీద ఓటమి. మనవాళ్ళకైతే మరో డన్‌రేవెన్ కావడానికి ఇంతకన్నా ఏం కావాలి? లిప్టన్ మాత్రం ఆ లెక్క తెలిసే గదా వచ్చాం అన్నట్టు ఊరుకున్నాడు.

1903 గురించి ఎక్కువ చెప్పను. ఎదుటిది రిలయన్స్ అనే రాక్షసి, 16,000 చదరపు అడుగులకు పైగా తెరచాప. చివరి పందెంలో మూడో షామ్‌రాక్ పొగమంచులో దారి తప్పి గీతే కనుక్కోలేకపోయింది.

నాలుగో షామ్‌రాక్ 1914లో అట్లాంటిక్ మధ్యలో ఉండగా ప్రపంచయుద్ధం వచ్చింది. పడవను న్యూయార్కులో ఒడ్డుకెక్కించి ఆరేళ్ళు అలాగే ఉంచారు. లిప్టన్ ఎరిన్ ఓడలో డాక్టర్లను, నర్సులను, మందులను సెర్బియాకు చేర్చాడు. 1915లో టైఫస్ జ్వరం ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెడుతున్నప్పుడు స్వయంగా అక్కడి ఆసుపత్రులు తిరిగాడు. నీష్ నగరం ఆయన్ను గౌరవ పౌరుణ్ణి చేసింది. తరవాత నౌకాదళం చేతికి వెళ్ళిన ఆ ఎరిన్ 1916లో మధ్యధరా సముద్రంలో మునిగిపోయింది. ఇదే కాలంలో ఇంకొక సంగతీ జరిగింది. సైన్యపు క్యాంటీన్ల కాంట్రాక్టుల కోసం లంచాలు ఇచ్చారని 1914లో ఆయన కంపెనీ ఉద్యోగులకు లండన్ కోర్టులో శిక్షలు పడ్డాయి. ఆయన మీద కేసు లేదు. కాని కంపెనీ పెద్ద ఆయనే. పడవ కొలతల్లో అంగుళం తేడా రానివ్వని మనిషి దుకాణంలో తూకం అలా ఉంది. దీనికి సమాధానం నాదగ్గర లేదు. ఉన్నదున్నట్టు చెప్పడమే నా పని.

1920లో మళ్ళీ పందెం. మొదటిదానిలో అమెరికా పడవ రెజొల్యూట్ ముందుండగా తెరచాప ఎత్తే తాడు తెగింది, షామ్‌రాక్ గెలిచింది. రెండోదీ షామ్‌రాకే. ఇంకొక్కటి గెలిస్తే కప్పు చేతికొస్తుంది. మూడో పందెంలో రెండు పడవలూ తీసుకున్న సమయం సెకనుతో సహా సరిసమానం! కాని ఈసారి అచ్చుబాకీ 7 నిమిషాల 1 సెకను. రెజొల్యూట్‌దే గెలుపు. నాలుగోదీ దానిదే. చివరిదానికి గాలి జోరుగా ఉంటే, పడవలు దెబ్బతింటాయని ఇద్దరు సరంగులూ ఒప్పుకుని వాయిదా వేసుకున్నారు. ఆ గాలికే భయమా అని నోవాస్కోషియా చేపలవాళ్ళు ఎగతాళి చేసి, తమ పడవలకు వేరే పందేలు పెట్టుకున్నారు. వాళ్ళ ఎగతాళిలో నిజం లేకపోలేదు గాని, ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం గనక ఎవరికీ ఫిర్యాదు మిగల్లేదు. అదీ రెజొల్యూట్ గెలిచింది, మూడు రెండుతో.

అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. ఇంకెవరైనా అయితే చాలించుకునేవారు. 1930లో, 82వ ఏట, ఐదో షామ్‌రాక్‌తో న్యూపోర్టు చేరాడు. ఈసారి అచ్చుబాకీల్లేవు, రెండూ ఒకే తరగతి పడవలు, ముందు వచ్చినదే గెలిచినట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు దక్కనిది దక్కింది గాని ఎదుటి పడవ ఎంటర్‌ప్రైజ్‌కు తేలికపాటి డ్యూరాలుమిన్ లోహంతో చేసిన కొయ్య, డబ్బుకు లోటులేని వాండర్‌బిల్ట్ సరంగు. నాలుగుకు నాలుగూ పోయాయి. మూడోదానిలో ఈసారి తాడు తెగింది షామ్‌రాక్‌కి.

కొందరంటారు, ఈ ఓటములన్నీ వ్యాపార ప్రకటనలేనని. ఊరేగించిన పందులకూ, ఊరేగించిన పడవలకూ తేడా లేదని. అమెరికాలో ఆయన టీ బ్రహ్మాండంగా అమ్ముడుపోయిన మాట నిజమే. నేను కాదనను. కాని ఒక్క విషయం ఆలోచించండి. సరుకు అమ్ముకోవడానికి గెలుపూ పనికొస్తుంది, గొడవా పనికొస్తుంది. డన్‌రేవెన్ గొడవ పత్రికల్లో నెలల తరబడి నడిచింది. 41 సెకన్ల దగ్గర ఒక్క అనుమానం విసిరితే లిప్టన్ పేరు అంతకన్నా మారుమోగేది. ఆయన అది చేయలేదు. 1901లో చేయలేదు, 1920లో చేయలేదు. దాని వల్ల టీ అమ్ముడుపోతే పోనివ్వండి.

ఆయనకు ఆటల మీద ఉన్న ఇష్టం పడవలతో ఆగలేదు. అర్జెంటీనా, ఉరుగ్వే జట్ల ఫుట్‌బాల్ పోటీకి 1905లో కప్పు ఇచ్చాడు, ఆ నేలమీద పుట్టినవాళ్ళే ఆడాలని షరతు. 1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో పెట్టిన పోటీకి ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం జట్టు పంపనంటే, వెస్ట్ ఆక్లండ్ అనే ఊరి బొగ్గుగని కార్మికుల జట్టు వెళ్ళి గెలిచింది. 1911లో మళ్ళీ వెళ్ళి, ఫైనల్లో యువెంటస్‌ను 6–1తో ఓడించింది. కప్పు ఇచ్చినవాడు ఓడుతూనే ఉన్నా, తీసుకున్నవాళ్ళు మాత్రం గెలిచారు.

1930 ఓటమి తరవాత అమెరికా హాస్యనటుడు విల్ రోజర్స్ పత్రికలో ఒక సూచన చేశాడు, తలా ఒక డాలరు వేసుకుని ఆ ముసలాయనకు మనమే ఒక కప్పు చేయిద్దామని. డాలర్లు వచ్చిపడ్డాయి. ఆర్థికమాంద్యంతో జనం ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న రోజుల్లో పదహారు వేల డాలర్ల దాకా పోగయింది. టిఫానీ కంపెనీ బంగారు కప్పు చేసింది, న్యూయార్కు మేయరు ఆ డిసెంబరులో లిప్టన్ చేతికిచ్చాడు. రాయల్ యాట్ స్క్వాడ్రన్ కూడా 1931లో ఎట్టకేలకు తలుపు తెరిచి సభ్యుణ్ణి చేసుకుంది. ఆయన ఆ సభ్యత్వాన్ని అనుభవించింది కొద్ది నెలలే.

1931 అక్టోబరు 2న లండన్ శివారులోని ఆస్జ్ అనే తన ఇంట్లో పోయాడు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆస్తిలో పెద్దభాగం గ్లాస్గో నగరపు బీదలకు వదిలాడు. ఇల్లు నర్సుల కోసం ఇమ్మన్నాడు. గెలిచిన చిన్నా చితకా కప్పులన్నీ గ్లాస్గోకే చేరాయి. అడుగులేని ఆ వెండి కూజా మాత్రం న్యూయార్కు క్లబ్బులోనే ఉండి, 1983లో గాని ఆస్ట్రేలియావాళ్ళ చేతికి చిక్కలేదు. లిప్టన్‌ను గోర్బల్స్‌లోని సదరన్ నెక్రోపొలిస్ శ్మశానంలో, కొట్టు నడిపిన తల్లిదండ్రుల దగ్గరే పూడ్చారు. క్రౌన్ వీధి అక్కడికి దగ్గరే.